నల్లగొండ ఇంటికి నాలుగు కెమెరాలు: వైరు లాగడం నుంచి ఫోన్లో చూడటం దాకా

కెమెరా కొందామని దుకాణానికి పోతే మొదట వినబడే మాట ‘ఎన్ని మెగాపిక్సెల్ కావాలి?’ అని. ఏడాది తిరిగాక వచ్చే ఫిర్యాదుల్లో ఆ మాటే ఉండదు. ‘రాత్రయితే కెమెరా పోతోంది’, ‘వాన పడ్డప్పటి నుంచి గేటు కెమెరా రావట్లేదు’, ‘ఇంట్లో టీవీలో వస్తోంది, హైదరాబాద్‌లో ఫోన్లో రావట్లేదు’, ‘పాస్‌వర్డ్ పెట్టిన పిల్లగాడు ఫోన్ ఎత్తట్లేదు’. ఇవేవీ కెమెరా జబ్బులు కావు. వైరు, కరెంటు, నెట్‌వర్క్ అడ్రసు, తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్న లెక్క. అందుకే ఇక్కడ కెమెరా సంగతి తక్కువ, దాని వెనక ఉండేవాటి సంగతి ఎక్కువ ఉంటుంది.

లెక్కలకు ఒక ఇల్లు అనుకుందాం. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, మిర్యాలగూడ, జడ్చర్ల లాంటి ఊళ్లోనో 200 గజాల జాగ, 30 అడుగులకు 60. కింద, పైన రెండు పోర్షన్లు. అమ్మానాన్నలు కింద ఉంటారు, పిల్లలు హైదరాబాద్‌లోనో ఇంకా దూరంలోనో. నాలుగు కెమెరాలు: గేటు, బండ్లు పెట్టే జాగ, వెనక సందు, మిద్దె మీదికి పోయే మెట్లు. బావికాడ మోటారు షెడ్డుకు కూడా కావాలంటే దాని పద్ధతి వేరు, అది చివర్లో ఉంది.

వైఫై కెమెరాలు పెడితే వైరు గోల ఉండదు కదా అంటారు. వైఫై కెమెరాకూ కరెంటు వైరు లాగాల్సిందే. ఎటూ ఒక వైరు లాగేటప్పుడు కరెంటునూ బొమ్మనూ రెంటినీ మోసే వైరే లాగండి. మన పాత ఇళ్లలో రాతి గోడలు అడుగున్నర మందం ఉంటాయి, వాటి ఆవలికి వైఫై సిగ్నల్ వెళ్లేసరికి సగం చస్తుంది. హాల్లో పెద్దవాళ్లను చూసుకోవడానికి ఒక వైఫై కెమెరా పెట్టుకోండి, తప్పు లేదు. గేటుకు మాత్రం వద్దు.

మొదట కొలత

రికార్డరు, అంటే ఎన్‌వీఆర్, ఎక్కడ ఉండాలో తేల్చాకే టేపు తీయండి. అన్ని వైర్లూ దాని దగ్గరికే రావాలి. గాలి ఆడే చోటు, దొంగ కంటికి ఆనని చోటు, ఇన్వర్టర్ కరెంటు వచ్చే చోటు కావాలి. బీరువా ఉన్న అర్రలో పైన అటక మంచి జాగ. హాల్లో టీవీ కింద పెడితే వచ్చిన దొంగ దాన్నే పట్టుకుపోతాడు. మిద్దె మీద రేకుల గదిలో పెట్టారో, మే నెల ఎండకు హార్డ్‌డిస్క్ ఉడికిపోతుంది. తలుపులు మూసిన చెక్క కబోర్డు కూడా దాదాపు అంతే.

వైరు పోయే దారి వెంట తాడు పట్టి కొలవండి, కంటి అంచనా వద్దు. గోడ ఎక్కి, మూల తిరిగి, పైపులో దిగేసరికి ముప్పై అడుగులు అనుకున్నది యాభై అవుతుంది. మన ఇంటికి గేటు 22 మీటర్లు, బండ్ల జాగ 15, వెనక సందు 25, మెట్లు 18 అనుకుంటే మొత్తం 80. ఒక్కో వైరుకు రెండు కొసల్లో కలిపి 3 మీటర్లు మిగులు వదిలితే 92. 100 మీటర్ల చుట్ట సరిపోతుంది. ఆ మిగులు వదలడంలో పిసినారితనం వద్దు. రెండేళ్లకు కనెక్టరు తుప్పు పడితే కోసి కొత్తది వేయడానికి ఆ మూరెడు వైరే దిక్కు.

కెమెరా ఎంత ఎత్తులో

గేటు కెమెరాను మిద్దె పిట్టగోడకు కొట్టి వీధంతా కనబడేలా పెట్టడం చాలామందికి ముచ్చట. పాతిక అడుగుల పైనుంచి చూస్తే వచ్చినవాడి నడినెత్తి కనబడుతుంది, ముఖం కనబడదు. గేటుకూ తలుపుకూ 8 నుంచి 10 అడుగుల ఎత్తు చాలు. చెయ్యి అందకూడదు, ముఖం తప్పకూడదు.

ఎంత దూరం దాకా ముఖం తెలుస్తుందన్నది లెక్క కట్టి చెప్పొచ్చు. ముక్కూమొహం తెలియని మనిషిని కూడా గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలన్నది ఈ పనిలో వాడే కొలత. 4 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 2560 పిక్సెళ్లు. అంటే 10 మీటర్ల వెడల్పు జాగ చూపించే దూరం దాకానే ముఖం దక్కుతుంది. 2.8 ఎంఎం లెన్సు బాగా వెడల్పుగా చూస్తుంది కాబట్టి ఆ దూరం సుమారు 4 మీటర్లే. 4 ఎంఎం లెన్సుకు 6 మీటర్లు. రాత్రి చీకట్లో ఇంకా తగ్గుతుంది. కాబట్టి గేటుకు 4 ఎంఎం, ఇరుకు సందుకూ మెట్లకూ 4 ఎంఎం, బండ్ల జాగకు 2.8. నాలుగూ 2.8 పెట్టేస్తే అన్నీ కనబడతాయి, ఎవరో మాత్రం తెలియదు.

కెమెరా పక్కనే తెల్లసున్నం గోడ ఉంటే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు దానికి తగిలి తిరిగొచ్చి బొమ్మంతా పొగమంచులా అవుతుంది. గోడను అర మూర పక్కకు తప్పించి తిప్పండి. పక్కింటి వాకిలి, కిటికీ ఫ్రేములోకి రాకుండా చూసుకోండి. తప్పనిసరిగా వస్తే సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అనే నల్లపట్టీ ఆ భాగం మీద వేయండి. కెమెరా వల్ల మొదలైన పక్కింటి తగాదా కెమెరా తీసినా ఆరదు.

సామాను

నాలుగు 4 మెగాపిక్సెల్ బుల్లెట్ కెమెరాలు, పీఓఈ (నెట్‌వర్క్ వైరులోనే కరెంటు కూడా పంపే పద్ధతి) ఉన్నవి, దుమ్మూ నీళ్లూ ఆపే ఐపీ66 లేదా 67 రేటింగుతో. నాలుగు పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్ ఒకటి. రేపు ఇంకో రెండు పెట్టే ఆలోచన ఉంటే ఎనిమిది చానళ్లది తీసుకోండి, తర్వాత మార్చడం కంటే అదే చవక. కెమెరాల కోసం చేసిన హార్డ్‌డిస్క్ 2 టీబీ. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ ఆ రకానివి. పాత కంప్యూటర్లోంచి తీసిన డిస్కు రాత్రింబవళ్లు రాసే పనికి పుట్టలేదు, పెట్టొద్దు. క్యాట్6 రకం నెట్‌వర్క్ వైరు, పూర్తి రాగిది, 100 మీటర్లు. వైరు కొసలకు వేసే ఆర్‌జే45 కనెక్టర్లు 20 (8 చాలు, మిగతావి చెడగొట్టుకోవడానికి). కెమెరా వెనక పెట్టే వాటర్‌ప్రూఫ్ జంక్షన్ బాక్సులు 4. 20 లేదా 25 ఎంఎం పీవీసీ పైపు, బెండ్లు, క్లాంపులు కొలత ప్రకారం. క్రింపింగ్ టూలు, ఎనిమిది లైట్లున్న ల్యాన్ టెస్టరు, మల్టీమీటరు. వైర్ల మీద నంబరు రాయడానికి టేపు, మార్కరు.

కెమెరా పెట్టె మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. 2024లో కేంద్రం సీసీటీవీ కెమెరాలకు సైబర్ భద్రత పరీక్షలు తప్పనిసరి చేసింది, 2025 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. పేరూ ఊరూ లేని చవక కెమెరాను ఇంటి నెట్‌వర్క్‌లోకి తెచ్చుకోవడమంటే పరాయి మనిషికి ఇంటి వెనక తలుపు చూపించినట్టే. కెమెరాకూ ఎన్‌వీఆర్‌కూ కంపెనీ ఒక్కటే అయితే సెట్టింగులు సాఫీగా సాగుతాయి. వేర్వేరైతే రెండిటికీ ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీలవి కలిసి పనిచేసే ప్రమాణం) ఉండాలి. అప్పుడు బొమ్మ వస్తుంది గానీ మనిషిని గుర్తించే అలారం లాంటివి ఒక్కోసారి రావు.

వైరుతోనే ఉంది అసలు కథ

బజార్లో క్యాట్6 పేరుతో అమ్మే వైర్లలో సగం ధరకు దొరికేది సీసీఏ, అంటే అల్యూమినియం తీగకు పైన రాగి పూత. ఇంటర్నెట్ వరకైతే ఎలాగో నడిచిపోతుంది. పీఓఈలో అదే తీగ కెమెరాకు కరెంటు కూడా మోయాలి. అల్యూమినియానికి నిరోధం ఎక్కువ, కాబట్టి దారిలోనే వోల్టేజీ కారిపోతుంది. పగలు కెమెరా నాలుగైదు వాట్లు తాగుతుంది, సరిపోతుంది. పొద్దుగూకి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే ఏడెనిమిది వాట్లు అడుగుతుంది, అందదు, ఆరిపోతుంది. ఆరగానే లోడు పోయి మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. ‘రాత్రయితే కెమెరా పోతోంది’ అన్నదానికి మొదటి అనుమానం ఎప్పుడూ వైరే.

పరీక్ష దుకాణం కౌంటరు మీదే చేయొచ్చు. ఒక తీగ పైతొడుగు తీసి బ్లేడుతో గీకండి. పూర్తి రాగి లోపలిదాకా ఎర్రగానే ఉంటుంది. సీసీఏ అయితే గీత కింద వెండిలా తెల్లగా మెరుస్తుంది. దానికంటే గట్టి పరీక్ష మల్టీమీటరుది. 100 మీటర్ల చుట్టలో ఒక కొసన నారింజ, తెల్లనారింజ తీగలు రెండూ కలిపి మెలిపెట్టండి. రెండో కొసన ఆ రెండు తీగల మధ్య ఓమ్స్ చూడండి. మంచి రాగి 13 నుంచి 17 ఓమ్స్ దాకా చూపిస్తుంది. 19 దాటిందంటే ఆ చుట్ట కొనొద్దు. వైరు మీద అచ్చువేసిన పేరు ఏదైనా సరే, మీటరు చెప్పిందే మాట.

ఈథర్‌నెట్ వైరు హద్దు 100 మీటర్లు. మన ఇంట్లో పొడుగైన వైరు 25 కాబట్టి ఆ దిగులు లేదు. మధ్యలో అతుకు మాత్రం ఎక్కడా వద్దు. చాలకపోతే ఆ ముక్కను వేరేచోటికి వాడుకుని ఇక్కడికి కొత్తది లాగండి.

కరెంటు వైరు పోయే పైపులోనే దీన్ని దూర్చడం మనవాళ్లకు బాగా అలవాటు. అది రెండు రకాల తప్పు: ఎక్కడైనా తొడుగు చిట్లితే 230 వోల్టులు నేరుగా ఎన్‌వీఆర్‌లోకి వస్తాయి, మోటారు ఆన్ అయినప్పుడల్లా బొమ్మ గిలగిలలాడుతుంది. పక్కపక్కనే పోవాల్సివస్తే అడుగు ఎడం ఉంచండి. దాటాల్సివస్తే అడ్డంగా దాటించండి.

ఇక కోతులు. పిట్టగోడ మీదుగా వేలాడే నల్లవైరు వాటికి ఉయ్యాల. బయట కనబడే ప్రతి అడుగూ పైపులో ఉండాలి, పైపుకు రెండడుగులకో క్లాంపు ఉండాలి. మిద్దె అంచున, కోతులు దిగే దారిలో, పీవీసీ బదులు జీఐ పైపు వేయడం మంచిది. పైపు కొసలు తెరిచి వదిలితే ఉడుతలు, ఎలుకలు లోపల చేరతాయి. ఎంసీల్ పెట్టి మూసేయండి.

కనెక్టరు వేయడం

తీగల వరుస రెండు కొసల్లోనూ ఒక్కటే: తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ. కనెక్టరు గొళ్లెం కిందికి ఉండేలా, రాగి పిన్నులు మీ వైపు కనబడేలా పట్టుకుంటే ఎడమ నుంచి ఈ వరుస. జంటల మెలికను అవసరానికి మించి విప్పొద్దు, అర అంగుళం చాలు. పైతొడుగు కనెక్టరు లోపలికి వెళ్లి నొక్కుడు కింద పడాలి. తీగలు మాత్రమే లోపలుంటే నాలుగుసార్లు కదిపేసరికి ఊడిపోతాయి.

టెస్టరులో ఎనిమిది లైట్లూ వరుసగా వెలగాలి. ఆరు వెలిగినా కెమెరా వస్తోంది కదా అని వదిలేసేవాళ్లున్నారు. చాలా కెమెరాలకు బొమ్మ పంపడానికి నాలుగు తీగలు చాలు, అందుకే వస్తోంది. కరెంటు ఏ నాలుగు తీగల్లో రావాలన్నది ఎన్‌వీఆర్‌ను బట్టి మారుతుంది. రేపు పెట్టె మారిస్తే ఆ కెమెరా నల్లబడిపోతుంది.

కెమెరా వైపు కొస దగ్గర చేసే పనే అన్నిటికంటే ముఖ్యం, అక్కడే అందరూ తొందరపడేది. కెమెరా తోకకు ఉండే సాకెట్టు, మీరు వేసిన కనెక్టరు, రెండూ జంక్షన్ బాక్సు లోపల ఉండాలి. గోడ మీద బయట వేలాడకూడదు, ఇన్సులేషన్ టేపు చుట్టినంత మాత్రాన నీళ్లు ఆగవు. కెమెరాతో పాటు చిన్న ప్లాస్టిక్ మూతలు, రబ్బరు రింగు వస్తాయి, పనివాళ్లు వాటిని పెట్టెలోనే వదిలేస్తారు. కనెక్టరు క్రింప్ చేయకముందే వాటిని వైరుకు ఎక్కించాలి, తర్వాత ఎక్కవు. వైరు బాక్సులోకి కింది నుంచి రావాలి. పైనుంచే రావాల్సివస్తే బాక్సుకు కిందిదాకా దించి, జానెడు వంపు తిప్పి, మళ్లీ పైకి తెచ్చి దూర్చండి. వైరు వెంట జారే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్టుబొట్టుగా రాలిపోతాయి. ఆ వంపు లేని కెమెరా రెండో వానాకాలం చూడదు: విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటుంది.

కరెంటు, ఎర్త్

మామూలు పీఓఈ పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, వైరు కొసకు 12.95 చేరుతుంది. మామూలు కెమెరాకు అది ఎక్కువే. చూడాల్సింది ఎన్‌వీఆర్ మొత్తం పీఓఈ బడ్జెట్. నాలుగు కెమెరాలకు రాత్రిపూట ఎనిమిదేసి వాట్ల చొప్పున 32, కొంత ఊపిరి కలిపి 40 వాట్లు ఉన్నది తీసుకోండి. పాసివ్ పీఓఈ అని చవక ఇంజెక్టర్లు దొరుకుతాయి. అవతల ఏముందో అడక్కుండానే కరెంటు తోసేస్తాయి, పొరపాటున ల్యాప్‌టాప్ తగిలిస్తే అంతే సంగతులు. అవతలి పరికరాన్ని అడిగాకే కరెంటు ఇచ్చే 802.3ఏఎఫ్ ప్రమాణం అని రాసి ఉన్నదే కొనండి.

కెమెరాలు 32 వాట్లు, ఎన్‌వీఆర్ 15, రౌటరూ ఫైబర్ పెట్టె కలిపి 15. మొత్తం అరవై పైచిలుకు. ఇంట్లో ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టరు వీటిని ఒక్కటినే మోస్తే పది గంటలు దాటి లాగుతుంది. ఫ్యాన్లు, లైట్లు కలిస్తే ఆ మేరకు తగ్గుతుంది. ఇన్వర్టరు వెనక యూపీఎస్ మోడ్, ఇకో మోడ్ అని మీట ఉంటుంది, యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. ఇకోలో ఉంటే కరెంటు మారే క్షణంలో ఎన్‌వీఆర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. రోజుకు నాలుగుసార్లు అలా జరిగితే డిస్కు ఆయుష్షు తరుగుతుంది, రికార్డింగులో ఒకటి రెండు నిమిషాల ఖాళీలు పడతాయి. రౌటరునూ ఫైబర్ పెట్టెనూ కూడా ఇన్వర్టరు ప్లగ్గుకే పెట్టండి. కెమెరాలకు కరెంటు ఉండి రౌటరుకు లేకపోతే రికార్డు అవుతుంది, ఫోన్లో మాత్రం రాదు.

ఎర్త్ గురించి మన దగ్గర గట్టిగా చెప్పాలి. రాళ్ల నేల, అడుగు తవ్వితే గుండు తగులుతుంది, ఎండాకాలం తేమ ఉండదు. గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి కడ్డీ దింపిన ఎర్త్ కూడా ఏప్రిల్ నాటికి ఎండిపోతుంది. వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి. మల్టీమీటరుతో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య ఇంటి వోల్టేజీ అంతా, సుమారు 230, రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. దాటితే ఎన్‌వీఆర్ పెట్టక ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

అడ్రసులు, నెట్‌వర్క్

ఎన్‌వీఆర్ వెనక నాలుగు పీఓఈ పోర్టులు, విడిగా ఒక ల్యాన్ పోర్టు ఉంటాయి. కెమెరాలు పీఓఈ పోర్టులకు, ల్యాన్ పోర్టు నుంచి ఒక వైరు రౌటరుకు. ఇలా పెడితే కెమెరాలకు ఎన్‌వీఆర్ తనే వేరే అడ్రసులు ఇచ్చుకుంటుంది, వాటిది ఒక చిన్న లోకం. ఇంటి వైఫై‌లో ఉన్న ఫోన్లకు అవి నేరుగా కనబడవు, అవి నేరుగా ఇంటర్నెట్‌కు పోలేవు. భద్రత కోసం వీల్యాన్‌లు, ఫైర్‌వాల్ రూల్స్ రాసే ఓపిక లేని ఇంటికి ఇంతకంటే సులువైన కంచె లేదు. వర్చువల్ హోస్ట్ అనే సెట్టింగు కనబడితే ఆఫ్‌లోనే ఉంచండి, అది ఆ కంచెకు సందు పెడుతుంది.

ముందు రౌటరు అడ్రసు కనుక్కోండి. ఫోన్లో వైఫై వివరాల్లో గేట్‌వే అని ఉంటుంది. చాలా రౌటర్లలో 192.168.1.1, జియోఫైబర్‌లో 192.168.29.1. రౌటరు సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (రౌటరు తనే అడ్రసులు పంచే పద్ధతి) వరుసను, అంటే అడ్రసు చివరి అంకెను, 100 నుంచి 200 దాకా కుదించండి. అప్పుడు 2 నుంచి 99 దాకా మనకు ఖాళీ. ఎన్‌వీఆర్‌కు 192.168.1.20 (రౌటరు 192.168.29.1 అయితే 192.168.29.20), మాస్క్ 255.255.255.0, గేట్‌వే రౌటరు అడ్రసు, డీఎన్ఎస్ కూడా అదే.

ఇక్కడో మెలిక ఉంది. ఏడాదికో రెండేళ్లకో ఇంటర్నెట్ కంపెనీ మార్చుకుంటారు. కొత్త రౌటరు వస్తుంది, గేట్‌వే 192.168.1.1 కాస్తా 192.168.29.1 అవుతుంది. ఎన్‌వీఆర్ పాత అడ్రసే పట్టుకుని కూర్చుంటుంది. టీవీలో బొమ్మ వస్తుంది, ఫోన్లో ఆఫ్‌లైన్. పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంట్లో దీన్ని సరిచేసేవాళ్లుండరు. అలాంటి ఇంటికి ఎన్‌వీఆర్‌లో డీహెచ్‌సీపీ ఆన్ చేసి, రౌటరులో ఆ పెట్టె మ్యాక్ అడ్రసుకు (పరికరానికి ఉండే సొంత గుర్తింపు నంబరు) ఒక నంబరు రిజర్వ్ చేయండి. రౌటరు మారినా తనంతట తనే దారి వెతుక్కుంటుంది.

ఎన్‌వీఆర్ దగ్గర నుంచి అన్ని వైర్లూ లాగడం కుదరక పై అంతస్తులో పీఓఈ స్విచ్ పెట్టాల్సివస్తే కెమెరాలకు చివరి అంకె 21, 22, 23, 24 అని చేత్తో అడ్రసులిచ్చి, గేట్‌వే గడి ఖాళీగా వదలండి. గేట్‌వే తెలియని కెమెరా ఎన్‌వీఆర్‌తో మాట్లాడుతుంది, ఊరు దాటి పోలేదు. గట్టి కంచె కాదు గానీ ఏమీ లేనిదానికంటే నయం. కెమెరాలు కొత్తప్పుడు తరచూ అన్నీ ఒకే అడ్రసుతో వస్తాయి, కాబట్టి ఒక్కొక్కటే తగిలించి అడ్రసు మార్చి తర్వాతిది పెట్టండి. నాలుగూ ఒకేసారి పెడితే ఒకటి వస్తూ ఒకటి పోతూ సతాయిస్తాయి.

రికార్డింగు లెక్క

కొత్త డిస్కును ముందు ఎన్‌వీఆర్‌లోనే ఫార్మాట్ చేయాలి. ఇది మరిచిపోయి నెల తర్వాత దొంగతనం జరిగాక వెతికితే ఏమీ ఉండదు. తర్వాత మెయిన్ స్ట్రీమ్: హెచ్.265, 2560×1440, సెకనుకు 15 ఫ్రేములు, గరిష్ఠం 3072 కేబీపీఎస్, ఐ-ఫ్రేమ్ 30. సబ్ స్ట్రీమ్: హెచ్.264, 640×360, 512 కేబీపీఎస్. డిస్కులోకి మెయిన్ పోతుంది, ఫోన్లో చూసేటప్పుడు సబ్ వస్తుంది.

ఒక ఎంబీపీఎస్ బొమ్మ రోజంతా రాస్తే 10.8 జీబీ. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఎవరినీ అడగక్కర్లేదు. నాలుగు కెమెరాలు మూడేసి ఎంబీపీఎస్‌లు అంటే 12, రోజుకు 130 జీబీ. 2 టీబీ డిస్కులో సుమారు 15 రోజులు. ఇంటికి ఇది చాలు. అదే దుకాణం, హాస్టలు, ఫంక్షన్ హాలు లాంటి జనం చేరే చోటైతే 2013 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం 30 రోజుల ఫుటేజీ ఉంచమంటుంది, దానికి 4 టీబీ అంచుమీద సరిపోతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేస్తే డిస్కు ఎక్కువ రోజులొస్తుంది కదా అంటారు. డిస్కుకు కొంచెం ఎక్కువ పెట్టి రోజంతా రికార్డు చేయండి. తీరా కావాల్సిన పది సెకన్లే కదలికకు అందకుండా పోతాయి.

అలారం మాత్రం మామూలు మోషన్ మీద పెట్టొద్దు, మనిషిని గుర్తించే దాని మీద పెట్టండి. తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్లు కెమెరా వెలుతురుకు ముసిరాయంటే మోషన్ అలారం రాత్రంతా ఫోనును నిద్రపోనివ్వదు.

టైం జోన్ 5:30 పెట్టి, ఇంటర్నెట్ నుంచి టైం సరిచూసుకునే ఎన్‌టీపీ ఆన్ చేసి, కెమెరాలు ఎన్‌వీఆర్ నుంచి టైం తీసుకునేలా చూడండి. అరగంట తేడా ఉన్న ఫుటేజీ పోలీసులకు తలనొప్పి, అవతలి లాయరుకు పండగ.

దూరం నుంచి చూడటం

చాలామంది ఇంటర్నెట్ కనెక్షన్లకు ఇప్పుడు సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు. రౌటరు స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటరు బయటి అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య ఉందంటే మీరు అందరితో కలిసి ఒక అడ్రసు పంచుకుంటున్నారు. పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా ఎన్‌వీఆర్‌కు దారి తెరవడం, ఎంత చేసినా పనిచేయదు, దాని మీద ఒక పూట పోగొట్టుకోవద్దు. పనిచేసే కనెక్షన్ అయినా చేయొద్దు. 2016లో మిరాయ్ అనే వైరస్ పట్టుకున్నవన్నీ ఇలా బయటికి తెరిచిపెట్టి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంచుకున్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లే. రౌటరులో, ఎన్‌వీఆర్‌లో యూపీఎన్‌పీ కూడా ఆపేయండి. అది మీకు చెప్పకుండానే తలుపులు తీస్తుంది.

మామూలు ఇంటికి కంపెనీ యాప్ చాలు. ఎన్‌వీఆర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కంపెనీ సర్వర్ మధ్యవర్తిగా కలుపుతుంది. ఆ మధ్యవర్తి మీద నమ్మకం లేనివాళ్లు ఇంట్లో ఒక చిన్న కంప్యూటరు మీద టెయిల్‌స్కేల్ లేదా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కు సొంత రహస్య దారి) పెట్టుకోవచ్చు. మొదటిది పబ్లిక్ అడ్రసు లేకున్నా నడుస్తుంది.

క్యూఆర్ కోడ్ మొదట ఎవరి ఫోనుతో స్కాన్ చేశారన్నదే అన్నిటికంటే పెద్ద సంగతి. పని త్వరగా కావాలని ఇన్‌స్టాలర్ తన ఫోనుతో స్కాన్ చేసి మీకు షేర్ చేస్తాడు. అప్పుడు యాప్ లెక్కలో ఆ పెట్టె యజమాని అతను, మీరు చుట్టం. అతను తీసేస్తే మీకు పోతుంది, మీ వాకిలి అతనికి ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. పెట్టె తెరిచినరోజే మీ అకౌంటు తయారుచేసి, మీ ఫోనుతో మొదట స్కాన్ చేసి, తర్వాత అమ్మానాన్నలకు, తమ్ముడికి షేర్ చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ పని అయిపోయాక మీరే మార్చండి. ఇంటి పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు వద్దు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

బావికాడ

బత్తాయి తోటలోనో పొలంలోనో మోటారు షెడ్డు ఇంటికి 150, 200 మీటర్ల దూరంలో ఉంటే మూడు దార్లు. చవక సీసీటీవీ స్విచ్‌లకు ఎక్స్‌టెండ్ అనే మీట ఉంటుంది, దాంతో 10 ఎంబీపీఎస్ వేగంతో 250 మీటర్ల దాకా లాగొచ్చంటారు. పూర్తి రాగి వైరైతే ఒక కెమెరాకు నడుస్తుంది. కానీ మొగులు పట్టినప్పుడు ఆ పొడుగు రాగి తీగ పిడుగును ఇంటిదాకా తెచ్చే తోరణం. ఫైబర్ తీగలో కరెంటు పారదు, కాబట్టి రెండు కొసల్లో మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను మామూలు నెట్‌వర్క్ వైరుకు కలిపే పెట్టెలు) పెట్టి ఫైబర్ లాగడం ఖర్చు కొంచెం ఎక్కువైనా మేలు. లోపల ఇనుప తీగ లేని రకం అడగండి. చెట్లు అడ్డం లేకుండా సూటిగా కనబడితే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి జత చాలు. అయితే చెట్లు మూడేళ్లలో పెరుగుతాయని గుర్తుంచుకుని స్తంభం ఎత్తు పెట్టండి.

పొలం ఇంకా దూరమైతే 4జీ సిమ్ కెమెరా, చిన్న సోలార్ ప్యానెల్. సబ్ స్ట్రీమ్ గంటసేపు చూస్తే సుమారు 230 ఎంబీ ఖర్చవుతుంది, రోజంతా తెరిచిపెట్టుకుంటే ప్యాక్ మధ్యాహ్నానికే అయిపోతుంది.

పోయినప్పుడు

ఏ కెమెరా పోయినా మొదట చేయాల్సింది దాన్ని దించి ఎన్‌వీఆర్ పక్కకు తెచ్చి రెండు మీటర్ల మంచి వైరుతో అదే పోర్టుకు తగిలించడం. వస్తే తప్పు వైరుది, రాకపోతే పోర్టు మార్చి చూడండి, అప్పటికీ రాకపోతే కెమెరాది. ఈ ఐదు నిమిషాల పరీక్ష చేయకుండా కొత్త కెమెరా కొన్నవాళ్లే ఎక్కువ.

రాత్రి బొమ్మ మసకగా ఉంటే ముందు సాలెగూడు చూడండి. వెచ్చగా ఉంటుందనీ పురుగులొస్తాయనీ సాలీడు లెన్సు ముందే కాపురం పెడుతుంది. నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ పాతదైపోతుంటే ఎన్‌వీఆర్ లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. ‘డిస్కు లోపం’ అన్న బీప్ మోగితే దాన్ని సెట్టింగుల్లో ఆపేయకండి, అదే రోజు డిస్కు చూపించండి.

దొంగతనమో గొడవో జరిగితే మీ డిస్కులో ఆ రోజు ఉండేది 15 రోజులే, తర్వాత దాని మీద కొత్తది రాసేస్తుంది. వెంటనే ఆ సమయానికి ముందొక గంట, తర్వాతొక గంట కలిపి రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించండి. టీవీ తెరను ఫోనుతో వీడియో తీసి వాట్సాప్‌లో పంపితే అది సమాచారమే, సాక్ష్యం కాదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇలాంటి ఫైలుకు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అక్షరాలు, అంకెల గుర్తు) పాటు సర్టిఫికెట్ కావాలి. కాబట్టి ఎన్‌వీఆర్ ఇచ్చిన ఫైలును పేరు మార్చకుండా, కత్తిరించకుండా అలాగే ఉంచండి. ఎన్‌వీఆర్ గడియారానికీ ఫోన్ గడియారానికీ అప్పుడు ఎన్ని సెకన్ల తేడా ఉందో ఒక కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్‌తో పాటు స్టేషన్‌లో ఇవ్వండి.